విదేశీ సైట్‌లో ఎలక్ట్రానిక్స్ కొంటే దిగుమతిదారు మీరే.. డ్యూటీ నుంచి సిమ్ దాకా ముందే చూసుకోవాల్సినవి

విదేశీ వెబ్‌సైట్‌లో ఫోనో, టాబో, పవర్ బ్యాంకో ఆర్డర్ పెట్టేవారు తమను తాము మామూలు కొనుగోలుదారుగానే అనుకుంటారు. చట్టం మాత్రం వారిని దిగుమతిదారుగా చూస్తుంది. నష్టాల్లో సగం ఈ తేడా తెలియకపోవడం వల్లే వస్తున్నాయి. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో, విజయవాడ బీసెంట్ రోడ్డులోనో బిల్లుతో కొన్న వస్తువుకు పన్ను కట్టిందీ, లైసెన్సులు తెచ్చిందీ ఎవరో కంపెనీవాళ్లు. షెన్‌జెన్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న అమ్మకందారు నుంచి నేరుగా తెప్పించుకుంటే ఆ బాధ్యతంతా పార్శిల్ మీద ఎవరి పేరుంటే వారిదే. వస్తువు ఆగినా, జప్తు అయినా, పాడైపోయినా అమ్మినవాడు ఇండియా చట్టానికి దొరకడు.

చైనా సైట్ల నుంచి తక్కువ ధరకు తెప్పించుకునే అలవాటు మన దగ్గర పాతదే. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు షీన్, క్లబ్ ఫ్యాక్టరీ పోయాయి. అదే ఏడాది నవంబర్ 24న వచ్చిన 43 యాప్‌ల జాబితాలో అలీఎక్స్‌ప్రెస్ కూడా చేరింది. యాప్‌లు పోయాయి కానీ అలవాటు పోలేదు. ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్ పేజీలు, వాట్సాప్ గ్రూపులు, 'దుబాయ్ స్టాక్' అని రాసుకునే సెల్లర్లు ఆ ఖాళీని నింపారు. గల్ఫ్‌లో మామూయో, భాయీజానో ఉన్న ఇళ్లలో ఇంకో దారి కూడా ఉంది. అక్కడి సైట్‌లో వాళ్ల అడ్రస్‌కు ఆర్డర్ పెట్టించి, వచ్చేవారి బ్యాగులోనో కార్గోలోనో తెప్పించుకోవడం. ఏ దారిలో వచ్చినా కస్టమ్స్ తలుపు దాటాల్సిందే.

'గిఫ్ట్' అని రాస్తే పన్ను ఉండదా?

చాలామంది సెల్లర్లు చెప్పే మొదటి మాట ఇదే: "పార్శిల్ మీద గిఫ్ట్ అని రాస్తాం, డ్యూటీ పడదు." ఒకప్పుడు 5,000 రూపాయల వరకు బహుమతులకు మినహాయింపు ఉండేది. దాన్ని అడ్డం పెట్టుకుని చైనా సైట్లు లక్షల పార్శిళ్లను గిఫ్టుల పేరుతో పంపాయన్న ఫిర్యాదులు వచ్చాక, 2019 డిసెంబర్ 12న డీజీఎఫ్‌టీ ఆ దారి మూసేసింది. ప్రాణాలు కాపాడే మందులు, రాఖీలు తప్ప పోస్టులో, కొరియర్‌లో వచ్చే ఏ వస్తువుకూ పన్ను లేని 'గిఫ్ట్' హోదా లేదు. నిజంగా బహుమతే అయినా పూర్తి డ్యూటీ కట్టి తీసుకోవాలి. ఈద్‌కు చెల్లెలికి రియాద్ నుంచి అన్న పంపిన స్మార్ట్ వాచీకైనా ఇదే రూల్.

రెండో మాట ఇంకా ప్రమాదం: "ఇన్‌వాయిస్‌లో పది డాలర్లు అని వేస్తాం." కస్టమ్స్ అధికారి ఆ ధరను నమ్మాల్సిన పని లేదు. అదే మోడల్ నెట్‌లో ఎంతకు అమ్ముతున్నారో చూసి విలువ కట్టవచ్చు. తప్పుడు విలువ చూపించిన సరుకును 1962 కస్టమ్స్ చట్టం కింద జప్తు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు. ఆ నోటీసు సెల్లర్‌కు కాదు, పార్శిల్ తీసుకోవాల్సినవారికి వస్తుంది. పది డాలర్లని రాయమన్నది నేను కాదు అంటే చెల్లదు. పైగా పార్శిల్ దారిలో పోతే సెల్లర్ తిరిగి ఇచ్చేది కూడా ఆ పది డాలర్ల లెక్కనే.

డ్యూటీని వస్తువు ధర ఒక్కదాని మీదే లెక్కించరు. రవాణా ఖర్చు, బీమా కూడా కలిపిన మొత్తం మీద లెక్కిస్తారు. దాని మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, సర్‌చార్జీ ఏదైనా ఉంటే అది, ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ. అంటే పన్ను మీద పన్ను. 2024 జులై బడ్జెట్‌లో మొబైల్ ఫోన్ల మీద బేసిక్ డ్యూటీ 20 నుంచి 15 శాతానికి తగ్గిన వార్త చూసి, తమ పార్శిల్‌కూ అదే వర్తిస్తుందని లెక్క వేసుకున్నవారున్నారు. సొంత వాడకానికి పోస్టులో, కొరియర్‌లో వచ్చే వస్తువులకు టారిఫ్‌లో 9804 అనే వేరే పద్దు ఉంది. దాని రేటు వేరు, అది కూడా బడ్జెట్లతో మారుతుంది. ఆర్డర్ పెట్టే రోజున సీబీఐసీ వెబ్‌సైట్‌లో ఆ పద్దు చూసుకోవడమే సరైన పని.

ఒక ఊహా లెక్క చూద్దాం. విదేశీ సైట్‌లో టాబ్ ధర 40,000 రూపాయలు, షిప్పింగ్ 1,500. పన్నులన్నీ కలిపి 40 శాతం అనుకుంటే 41,500 మీద 16,600 అవుతుంది. కార్డు కంపెనీ విదేశీ మారకపు చార్జీ 3 శాతం అనుకుంటే 1,245, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 224. కొరియర్ కంపెనీ క్లియరెన్స్ చార్జీ వెయ్యి. మొత్తం 60,569. అదే టాబ్ ఇక్కడి షాపులో వారంటీతో 52,000 ఉంటే, 'చవక' అనుకున్నది ఎనిమిదిన్నర వేలు ఎక్కువైంది. తడిసి మోపెడంటే ఇదే. కొన్ని పెద్ద సైట్లు 'ఇంపోర్ట్ ఫీజు డిపాజిట్' పేరుతో ఈ మొత్తాన్ని ఆర్డర్ సమయంలోనే తీసుకుంటాయి. చూడ్డానికి ధర ఎక్కువగా కనిపించినా, లెక్క తెలిసి కొనడానికి అదే నయం.

పన్ను కట్టినా లోపలికి రానివి

కొన్ని వస్తువుల విషయంలో ఎంత డ్యూటీ కట్టామన్నది కాదు, అసలు రానిస్తారా అన్నదే ప్రశ్న. డ్రోన్లు ఇందులో మొదటివి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు మాత్రమే, అదీ అనుమతితో వస్తాయి. పెళ్లి వీడియోలు తీసే కుర్రాళ్లు దుబాయ్ నుంచి డ్రోన్ తెప్పించుకుని ఎయిర్‌పోర్టులో పోగొట్టుకోవడం వెనక కారణం ఇదే. ఈ-సిగరెట్లు, వేప్‌లు 2019 చట్టం ప్రకారం పూర్తిగా నిషేధం. మొదటిసారి దొరికినా దిగుమతికి ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడవచ్చు. గల్ఫ్‌లో షాపుల్లో అమ్ముతున్నారు కదా అని తెచ్చుకుంటే ఇక్కడ కేసు.

శాటిలైట్ ఫోన్ల సంగతి ఇంకా తీవ్రం. థురాయా కంపెనీ యూఏఈదే, ఎడారిలో పనిచేసేవారి చేతుల్లో ఆ ఫోన్లు మామూలే. ఇండియాలో టెలికాం శాఖ అనుమతి లేకుండా థురాయా, ఇరిడియం ఫోన్లు దగ్గర ఉంచుకోవడమే నేరం. విదేశీ పర్యాటకులను సైతం విమానాశ్రయాల్లో అరెస్టు చేసిన సందర్భాలున్నాయి. పని మానేసి తిరిగి వచ్చేటప్పుడు పాత సామాన్లలో అలాంటిది ఉందేమో ఒకసారి చూసుకోవాలి.

ఇక రోజువారీ వస్తువులు. అడాప్టర్లు, పవర్ బ్యాంకులు, మొబైల్ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, స్మార్ట్ వాచీలు వంటి వాటికి బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2012లో మొదలైన ఈ ఆర్డర్ జాబితా ఏటేటా పెరుగుతూ వచ్చింది. జాబితాలోని వస్తువులు కొత్తవైనా, సెకండ్ హ్యాండ్ అయినా, రీఫర్బిష్డ్ అయినా రిజిస్ట్రేషన్ లేకుండా దిగుమతి చేయకూడదని 2019లో డీజీఎఫ్‌టీ స్పష్టం చేసింది. అందుకే 'యూఎస్ రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ డైరెక్ట్ షిప్పింగ్' అన్న ప్రకటన చూసినప్పుడు ధర కన్నా ముందు ఇది ఆలోచించాలి. వస్తువు మీద 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడవచ్చు. అది ఏ కంపెనీ, ఏ ఫ్యాక్టరీ పేరున ఉందో వస్తుంది. వేరే వస్తువు నంబరును అచ్చు వేసుకున్న చార్జర్లు బజార్లో కొల్లలు. బ్లూటూత్, వైఫై ఉన్న పరికరాలకు టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఆమోదం కూడా కావాలి. వాకీటాకీలు ఆపేది ఎక్కువగా ఇక్కడే.

ల్యాప్‌టాప్‌ల మీద 2023 ఆగస్టు 3న వచ్చిన దిగుమతి ఆంక్షలతో చాలామంది కంగారుపడ్డారు. అందులో సొంత వాడకానికి ఊరట ఉంది. ఈ-కామర్స్ సైట్‌లో కొని పోస్టులోనో కొరియర్‌లోనో తెప్పించుకునే ఒక ల్యాప్‌టాప్ లేదా ఒక టాబ్‌కు లైసెన్స్ అక్కర్లేదు. లైసెన్స్ అక్కర్లేదంటే డ్యూటీ అక్కర్లేదని కాదు. సెల్లర్లు ఈ రెంటినీ కలిపేసి చెబుతుంటారు.

బ్యాగులో తెస్తే, కార్గోలో వేస్తే

గల్ఫ్ నుంచి వచ్చేవారి బ్యాగుకు ఉచిత పరిమితి ఉంటుంది. 2016 బ్యాగేజీ నిబంధనల్లో అది ఒక్కొక్కరికి 50,000 రూపాయలుగా ఉండేది. ఇలాంటి పరిమితులను ప్రభుత్వం మారుస్తుంటుంది కాబట్టి టికెట్ తీసుకునే ముందు అప్పటి నిబంధన చూసుకోవాలి. దీనికి అదనంగా 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ పన్ను లేకుండా తేవచ్చు. భార్యాభర్తలిద్దరి పరిమితినీ కలిపి ఒకే ఖరీదైన ఫోన్‌కు వాడుకుంటామంటే కుదరదు. ఎవరిది వారిదే. ఉమ్రా నుంచి వచ్చే నలుగురు పెద్దవాళ్ల బ్యాగుల్లో తలా రెండు సీల్డ్ ఫోన్లు పెట్టించి పంపే 'తెలిసినవాళ్లు' కొందరుంటారు. దొరికితే లెక్క చెప్పాల్సింది బ్యాగు ఎవరి పేరున ఉంటే వారే. ఆ ముసలివాళ్లకు ఫోన్ ఎవరిదో, ఎంతదో కూడా తెలిసి ఉండదు. పేరు తెలియని పెట్టె మోయడానికి ఒప్పుకోకపోవడమే మంచిది, బంధువు అడిగినా సరే.

టీవీలు వేరే కథ. 2013 ఆగస్టు 26 వరకు దుబాయ్ నుంచి వచ్చే విమానాల్లో ఎల్‌ఈడీ టీవీ పెట్టెలు బారులు తీరేవి. ఆ తేదీ నుంచి ఫ్లాట్ టీవీలను ఉచిత పరిమితిలోంచి తీసేసి, 35 శాతం డ్యూటీ, దాని మీద సెస్సు వేశారు. 2016 నిబంధనల్లో కూడా అవి ఉచిత జాబితా బయటే ఉన్నాయి. అంటే చిన్న టీవీకైనా మొదటి రూపాయి నుంచే పన్ను.

డోర్ టు డోర్ కార్గో విషయంలో అపోహ ఎక్కువ. ప్రయాణికుడితో పాటు రాని సామానుకు పైన చెప్పిన ఉచిత పరిమితి 2016 నిబంధనల ప్రకారం వర్తించదు. వాడిన బట్టలు, సొంత వస్తువులకే మినహాయింపు. 'కిలో రేటులో అన్నీ కలిపే' అని కార్గో ఏజెంట్ చెప్పిన మాటలో డ్యూటీ ఉందా, ఎలక్ట్రానిక్స్ జాబితాలో రాస్తున్నాడా లేక దుప్పట్ల మధ్య చుట్టి పంపుతున్నాడా అన్నది రాతలో తీసుకోవాలి. రెండేళ్లకు పైగా అక్కడ ఉండి పూర్తిగా తిరిగి వచ్చేసేవారికి ఇంటి సామాను మీద వేరే రాయితీ ఉంది. చాలామంది దాన్ని అడగకుండానే వదిలేస్తారు.

ఫోన్ వచ్చింది, సిమ్ పడట్లేదు

కస్టమ్స్ దాటి, డ్యూటీ కట్టి, పెట్టె విప్పాక మొదలయ్యే ఇబ్బందులు వేరు. వీటికి మోసం అక్కర్లేదు. ఫోన్ అసలుదే, కొత్తదే, కానీ ఈ దేశం కోసం తయారుకాలేదు.

జియోకు 2జీ, 3జీ లేవు. కాల్ కూడా 4జీ మీద వోల్టీ ద్వారానే వెళ్లాలి. దాని 4జీ బ్యాండ్లు 3, 5, 40. అమెరికాలో అమ్మే కొన్ని మోడళ్లలో బ్యాండ్ 40 ఉండదు. అలాంటి ఫోన్‌లో ఇంట్లో ఒక గదిలో సిగ్నల్ వచ్చి ఇంకో గదిలో పోతుంటే తప్పు టవర్‌ది అనుకుంటారు. 5జీకి జియో ఎన్28, ఎన్78, ఎయిర్‌టెల్ ప్రధానంగా ఎన్78 వాడతాయి. సెల్లర్ పేజీలో '5జీ' అని ఉంటే సరిపోదు, మోడల్ నంబరు పూర్తిగా అడిగి తయారీ కంపెనీ సైట్‌లో ఆ నంబరుకు బ్యాండ్లు చూడాలి. ఒకే పేరుతో ఉన్న ఫోన్‌కు దేశాన్ని బట్టి నాలుగైదు మోడల్ నంబర్లుంటాయి.

సిమ్ ట్రే మీద ఇప్పుడు గల్ఫ్ కుటుంబాలు ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. అమెరికా ఐఫోన్లకు 2022లో ఐఫోన్ 14 నుంచే సిమ్ ట్రే తీసేశారు. 2025లో వచ్చిన ఐఫోన్ 17 వరసలో సౌదీ, యూఏఈ, ఖతార్, కువైట్, ఒమన్, బహ్రెయిన్ మోడళ్లు కూడా ఈ-సిమ్‌తో మాత్రమే వస్తున్నాయి. హైదరాబాద్‌లో దిగగానే పాత జియో సిమ్ తీసి పెట్టుకునే అలవాటున్నవారికి అందులో పెట్టడానికి చోటే ఉండదు. ఆ నంబరును ముందుగా ఈ-సిమ్‌గా మార్పించాలి. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరైతే, మారే వరకు కొద్ది గంటలు మెసేజ్‌లు రాకపోవచ్చు కాబట్టి పెళ్లి ఖర్చుల రోజున ఆ పని పెట్టుకోకూడదు. దీనికి ఉల్టాగా చైనాలో అమ్మే చాలా ఐఫోన్లలో రెండు మామూలు సిమ్‌లు పడతాయి, ఈ-సిమ్ ఉండదు. జపాన్, కొరియా ఐఫోన్లలో కెమెరా శబ్దం ఆపడానికి వీల్లేకపోవచ్చు. మసీదులోనో ఆసుపత్రిలోనో ఫొటో తీసినప్పుడు తెలుస్తుంది. ఒకప్పుడు యూఏఈ, సౌదీలో అమ్మిన ఐఫోన్లలో ఫేస్‌టైమ్ ఉండేదే కాదు, అలాంటి పాత ఫోన్లు సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తిరుగుతున్నాయి.

అమెరికాలో నెట్‌వర్క్ కంపెనీ కిస్తీల మీద ఇచ్చే 'లాక్డ్' ఫోన్లు చవకగా దొరుకుతాయి. అన్‌లాక్ అయ్యేదాకా వాటిలో మన సిమ్ పనిచేయదు. కొన్ని బ్రాండ్ల పెట్టె మీద 'మొదట ఈ ప్రాంతపు సిమ్‌తో యాక్టివేట్ చేయాలి' అని చిన్న స్టిక్కర్ ఉంటుంది. ఆ పని అక్కడున్నవారే సీల్ విప్పి, సిమ్ వేసి, కొన్ని నిమిషాలు మాట్లాడి చేసి పంపాలి. 'సీల్ విప్పకుండా తీసుకురా' అని పట్టుబడితే ఇక్కడికొచ్చాక చిక్కే.

చైనా మార్కెట్ కోసం తయారైన ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి భాషలు చైనీస్, ఇంగ్లీష్ మాత్రమే. మెనూ తెలుగులోనూ రాదు, ఉర్దూలోనూ రాదు. సెల్లర్ తనే 'గ్లోబల్' సాఫ్ట్‌వేర్ ఎక్కించి పంపితే అప్‌డేట్లు ఆగిపోవడం, బ్యాంకు యాప్‌లు తెరుచుకోకపోవడం మామూలు. గల్ఫ్ మాల్స్‌లో బాగా అమ్ముడయ్యే హువావే కొత్త మోడళ్లు 2019 నాటి అమెరికా ఆంక్షల తర్వాత గూగుల్ ప్లే సర్వీసులు లేకుండానే వస్తున్నాయి. కెమెరా బాగుందని కొంటే ఇక్కడ యూపీఐ యాప్ దగ్గర ఆగిపోవచ్చు.

ప్లగ్గు మారిస్తే సరిపోదు

మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. యూఏఈ కరెంటు దాదాపు మనలాంటిదే, అక్కడి మూడు చదరపు పిన్నుల ప్లగ్గుకు అడాప్టర్ పెడితే చాలు. సౌదీలో 60 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. జపాన్‌లో 100 వోల్టులే. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద '100-240' అని ఉంటుంది, వాటికి భయం లేదు. అమెరికా నుంచి తెప్పించిన మిక్సీ, హెయిర్ డ్రయ్యర్, రైస్ కుక్కర్ మీద '120' అని మాత్రమే ఉంటే ఇక్కడి సాకెట్‌లో పెట్టిన క్షణాల్లో పొగ వస్తుంది. సౌదీ నుంచి తెచ్చిన మోటారు సామాన్లలో 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసినవి ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరిగి వేడెక్కుతాయి. కరెంటు హెర్ట్జ్‌ను పట్టుకుని నడిచే పాతకాలపు టేబుల్ గడియారమైతే గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది.

గడియారం మాట వచ్చింది కాబట్టి, విదేశీ సైట్లలో అజాన్ గడియారాలు తెప్పించుకునేవారు వోల్టేజీతో పాటు ఊళ్ల జాబితా కూడా చూడాలి. కొన్నింటిలో ఇండియా కింద నాలుగైదు పెద్ద నగరాలే ఉంటాయి. కర్నూలు, కడపలో ఉండేవారు అక్షాంశం, రేఖాంశం సొంతంగా వేసుకునే వీలుందో లేదో అడగాలి. అసర్‌కు హనఫీ లెక్క పెట్టుకునే ఆప్షన్ లేని మోడల్ అయితే మన మసీదు టైముకు, దాని టైముకు పొంతన ఉండదు.

అంకెల్లోనే అబద్ధం

రెండు టీబీ పెన్‌డ్రైవ్ 600 రూపాయలు. ఇలాంటి వాటిలో లోపలి చిప్ ఎనిమిదో, పదహారో జీబీలే ఉంటుంది. కంప్యూటర్‌కు రెండు టీబీ అని అబద్ధం చెప్పేలా కంట్రోలర్‌ను మార్చేస్తారు. కాపీ చేసేటప్పుడు అన్నీ ఎక్కినట్టే కనిపిస్తాయి. అసలు జాగా నిండాక వచ్చిన ఫైళ్లు పాతవాటి మీద పడతాయి లేదా ఖాళీగా మిగులుతాయి. నికాహ్ వీడియో, వలీమా ఫొటోలు అందులో వేసి అసలు కార్డు ఫార్మాట్ చేసేశాక తెలిస్తే ఇక చేసేదేమీ లేదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి నిజమైన సైజు చెబుతుంది. కొన్న రోజే ఆ పరీక్ష చేయాలి.

పవర్ బ్యాంకుల్లో '50,000 ఎంఏహెచ్' అనే మాటను తూకంతో పట్టుకోవచ్చు. మంచి 18650 సెల్ ఒకటి ఎక్కువలో ఎక్కువ 3,500 ఎంఏహెచ్ ఇస్తుంది, బరువు సుమారు 45 గ్రాములు. యాభై వేలకు కనీసం 15 సెల్స్ కావాలి. సెల్స్ బరువే 675 గ్రాములు. చేతిలో పావుకిలో కూడా తూగని పెట్టె మీద ఆ అంకె ఉంటే అది అచ్చు తప్పు కాదు, మోసమే. ఒకవేళ నిజంగానే యాభై వేలుంటే అది 185 వాట్ అవర్. విమానంలో అనుమతి అడక్కుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్ అవర్ వరకు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. నిజమైనా ఇబ్బందే, అబద్ధమైనా ఇబ్బందే.

ఉర్దూ, అరబిక్ చానళ్ల కోసం చాలా ఇళ్లు తెప్పించుకునే పేరులేని ఆండ్రాయిడ్ టీవీ బాక్సుల సంగతి వీటన్నిటికంటే పెద్దది. 2023లో టీ95 వంటి బాక్సుల్లో ఫ్యాక్టరీ నుంచే మాల్‌వేర్ ఎక్కించి ఉన్నట్టు భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ 'బ్యాడ్‌బాక్స్ 2.0' పేరుతో ఇదే తరహా పరికరాల మీద ప్రజలకు హెచ్చరిక ఇచ్చింది. ఆ బాక్స్ ఇంటి వైఫైని ఎవరో దూరం నుంచి వాడుకునేలా చేస్తుంది. నేరం ఎక్కడో జరుగుతుంది, ఐపీ అడ్రస్ మాత్రం ఈ ఇంటిది కనిపిస్తుంది. పోలీసులు మొదట వచ్చేది ఆ అడ్రస్‌కే. నెలనెలా చందా లేకుండా అన్ని చానళ్లూ ఇస్తానన్న బాక్స్ ఖర్చును ఇంకెక్కడో రాబట్టుకుంటోందన్నమాట.

డబ్బు, వారంటీ, ఫిర్యాదు

ఫోన్ల వారంటీ చాలా బ్రాండ్లకు కొన్న దేశానికే పరిమితం. 'ఇంటర్నేషనల్ వారంటీ' అని సెల్లర్ అన్నంత మాత్రాన కాదు, ఆ మోడల్ నంబరుకు ఇండియా సర్వీస్ సెంటర్‌లో పార్టులు ఉంటాయా అని అక్కడే అడగాలి. ఇక్కడ అమ్మని మోడల్‌కు డబ్బులిచ్చినా స్క్రీన్ దొరక్కపోవచ్చు. 'సెల్లర్ వారంటీ' అంటే వస్తువును సొంత ఖర్చుతో చైనాకు తిరిగి పంపడం. లిథియం బ్యాటరీ ఉన్న పార్శిల్‌ను తీసుకోవడానికే చాలా కొరియర్లు ఒప్పుకోవు.

ఎవరి దగ్గర కొన్నా ఫోన్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ వస్తుంది. ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లో కేవైఎం అని కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపాలి. సంచార్ సాథీ యాప్‌లోనూ చూడవచ్చు. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్, ఇప్పటికే వాడకంలో ఉంది అని వస్తే ఆ ఫోన్ తీసుకోకూడదు. పోయిన ఫోన్లను ఇదే వ్యవస్థతో పట్టుకుని తెలంగాణ పోలీసులు వేల ఫోన్లను సొంతదారులకు తిరిగి ఇచ్చారు. అంటే దొంగ ఫోన్ కొన్నవారి చేతిలోంచి అన్ని వేల ఫోన్లు పోయాయి. సెకండ్ హ్యాండ్ ఐఫోన్‌లో పాత యజమాని యాపిల్ ఐడీ ఇంకా ఉంటే అది పేపర్ వెయిట్‌తో సమానం.

చెల్లింపు దగ్గర, కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేస్తేనే విదేశీ సైట్లు డబ్బు తీసుకోగలవు. 2020లో ఆర్‌బీఐ తెచ్చిన ఈ ఏర్పాటు మంచి రక్షణ. పని అయిపోగానే బ్యాంకు యాప్‌లో మళ్లీ ఆఫ్ చేయాలి, ఎందుకంటే చాలా విదేశీ సైట్లలో ఓటీపీ లేకుండానే డబ్బు కట్ అవుతుంది. తెలియకుండా కట్ అయితే మూడు పని దినాల్లోపు బ్యాంకుకు చెప్పాలి. తప్పు బ్యాంకుది, కస్టమర్‌ది కాకుండా మధ్యలో ఎక్కడో జరిగిందైతే 2017 ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం ఆ గడువులో చెప్పినవారి మీద భారం పడదు. సొంతంగా కట్టి నకిలీ వస్తువు వచ్చిన కేసుకు ఇది వర్తించదు. అప్పుడు బ్యాంకును 'చార్జ్‌బ్యాక్' అడగాలి. హవాలా మనిషి చేతిలో కట్టిన డబ్బుకు ఆ దారి లేదు. క్రెడిట్ కార్డు తీసుకోని సెల్లర్ దగ్గర కొనకపోవడానికి ఈ కారణం ఒక్కటి చాలు.

పార్శిల్ రాకముందే వచ్చే ఫోన్ కాల్ గురించి ఇంట్లో ఆడవాళ్లకు, పెద్దవాళ్లకు తప్పక చెప్పి ఉంచాలి. 'కస్టమ్స్ ఆఫీస్ నుంచి, మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి' అని మొదలై వీడియో కాల్‌లో 'డిజిటల్ అరెస్ట్' దాకా వెళ్తుంది. అలాంటి అరెస్ట్ ఏ చట్టంలోనూ లేదు. 'విదేశీ స్నేహితుడు ఐఫోన్, బంగారం పంపాడు, ఢిల్లీలో ఆగింది, 35 వేలు కట్టండి' అన్నది ఇదే మోసానికి పాత రూపం. ముస్లిం పేరు పెట్టుకుని, సలాం చెప్పి మాట్లాడేవారూ ఉన్నారు. అసలు కస్టమ్స్ డ్యూటీని వ్యక్తిగత ఖాతాకు, ఫోన్ నంబరుకు కట్టమనరు. 2019 నవంబర్ 8 నుంచి వారి నోటీసులకు డీఐఎన్ అనే నంబరు ఉంటుంది, అది నిజమో కాదో సీబీఐసీ సైట్‌లో చూడవచ్చు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

వస్తువు విషయంలో ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2020 ఈ-కామర్స్ నిబంధనలు ఇండియా వినియోగదారులకు పనిగట్టుకుని అమ్మే విదేశీ సైట్లకూ వర్తిస్తాయి, 2019 చట్టం ప్రకారం కేసు సొంత జిల్లాలోనే వేసుకోవచ్చు. కాగితం మీద హక్కు బాగానే ఉంది. ఇక్కడ ఆఫీసు, గోదాము, బ్యాంకు ఖాతా ఏవీ లేని సెల్లర్ మీద తీర్పు వచ్చినా అమలు చేయించేది ఎవరి మీద? అందుకే ఇండియాలో రిజిస్టరైన ప్లాట్‌ఫామ్ మీద, పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న వస్తువు రెండు మూడు వేలు ఎక్కువైనా తేడా ఉంటుంది. ఆ చిరునామాకు నోటీసు పంపవచ్చు.

పార్శిల్ వచ్చాక సీల్ కనిపించేలా, ఆపకుండా ఒకే వీడియోలో విప్పాలి. లేబుల్ మీది నంబరు, లోపలి వస్తువు, దాని ఐఎంఈఐ అందులో పడాలి. డ్యూటీ రసీదును బిల్లుతో కలిపి దాచాలి. తర్వాత ఆ ఫోన్‌ను అమ్మేటప్పుడు కొనేవారు అడిగే మొదటి కాగితం అదే.